మామయ్య కుండలూ నా టీజీఏ గ్రాఫూ

మా మామయ్య కుండలు చేస్తాడు. ద్వారకా తిరుమలకి బస్సులో గంట దూరం ఆ ఊరు. నేను కెమిస్ట్రీలో పీహెచ్‌డీకి చేరిన ఏడాది వేసవిలో వెళ్తే, అత్త ఒక నీళ్ళకుండ తెచ్చి నా ముందు పెట్టింది. కుండ బాగానే ఉంది కానీ మెడ కింద రూపాయి బిళ్ళంత పెచ్చు లేచిపోయింది. ఆ గుంట అడుగున ఆవగింజంత తెల్లటి చుక్క.

"ఆవంలోంచి తీసినప్పుడు ఏమీ లేదే అమ్మాయ్. నెల తిరక్కుండా ఇలా రేగిపోతున్నాయి. రాత్రిళ్ళు టప్పుమని చప్పుడు కూడా వస్తోంది" అంది.

మామయ్య బాధ వేరే. పచ్చి కుండలు ఆరేటప్పుడే బీటలు తీస్తున్నాయని. నీడన పెట్టినా, తడి గోనె కప్పినా అంతే. పది చేస్తే మూడు పోతున్నాయి. "మట్టిలో ఏదో తేడా ఉందే. చదువుకున్నదానివి, చూసి చెప్పు" అన్నాడు.

నా గైడ్ మేడమ్ అప్పటికే సహజంగా దొరికే బంకమట్టి ఖనిజాల మీద పని చెయ్యమని టాపిక్ ఇచ్చారు. శాంపిల్స్ ఎక్కడివి తేవాలా అని చూస్తున్నాను. ఇంట్లోనే దొరికింది.

మూడు మట్టులు తీసుకున్నాను. ఒకటి, చెరువు తూర్పు గట్టు వైపు మట్టి. తాతల నాటి నుంచీ కుండలకి వాడింది అదే. రెండోది, వాగు వచ్చి చెరువులో కలిసే మూల మట్టి. పూడిక తీసినప్పుడు పాత గుంటలు చెదిరిపోయి, అప్పటి నుంచి మామయ్య అక్కడ తవ్వుతున్నాడు. మూడోది పోల్చి చూసుకోవడానికి, ద్వారకా తిరుమల వైపు దొరికే తెల్లమట్టి. సిరామిక్ వాళ్ళు బాల్ క్లే అంటారు, కేయొలినైట్ అనే బంకమట్టి ఖనిజం ఎక్కువగా ఉంటుంది. తూర్పు, వాగు, తెలుపు అని పొట్లాల మీద రాసుకున్నాను. ల్యాబ్ నోట్‌బుక్‌లో టీ, వీ, డబ్ల్యూ అయ్యాయి గానీ నా నోట్లో ఎప్పుడూ తూర్పూ వాగే.

శాంపిల్ తియ్యడం అంటే గుప్పెడు మట్టి సంచిలో వేసుకోవడం కాదని మొదటి రోజే తెలిసింది. ఐదారు చోట్ల జానెడు లోతు నుంచి తీసి, కలిపి, కుప్ప పోసి, కుప్పని నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు ఉంచుకుని మిగతా రెండు పారెయ్యాలి. మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు. మామయ్య అరుగు మీద కూర్చుని అంతా చూసి "పారబోసిన దాంతో రెండు మూకుళ్ళు అయ్యేవి" అన్నాడు.

నూరడంలో పోయిన నెల

ల్యాబ్‌లో మొదటి తప్పు మట్టిని నూరడంలో చేశాను. ఎక్స్‌ఆర్‌డీ అంటే ఎక్స్‌రేలు పంపి మట్టిలో ఏ ఖనిజాలున్నాయో చూసే మిషను. దానికి పొడి మెత్తగా ఉండాలని చదివాను. ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది అనుకుని తెల్లమట్టిని బాల్ మిల్లులో వేసి నాలుగు గంటలు తిప్పాను. గోధుమపిండికన్నా మెత్తగా వచ్చింది. చాలా సంతోషించాను.

ఎక్స్‌ఆర్‌డీ గ్రాఫ్ చూస్తే కేయొలినైట్ శిఖరం ఉండాల్సిన 12.3 డిగ్రీల కోణం దగ్గర బక్కచిక్కిన గుట్ట ఒకటి ఉంది, అంతే. ఇసుకలో ఉండే క్వార్ట్‌జ్‌ది మాత్రం 26.6 దగ్గర సూదిలా నిలబడింది. తెల్లమట్టిలో కేయొలినైట్ లేదని రిపోర్టు రాసి మేడమ్‌కి పంపేదాన్నే. పక్క బెంచీ సీనియర్ అక్క చూసి, ఎలా నూరావని అడిగింది. చెప్పగానే తల కొట్టుకుంది.

కేయొలినైట్ పొరలు పొరలుగా ఉంటుంది. పూతరేకులు గుర్తు తెచ్చుకోండి. సిలికా రేకు ఒకటి, దాని మీద అల్యూమినా రేకు ఒకటి, ఈ రెండూ కలిసి ఒక పొర. పొరకీ పొరకీ మధ్య దూరం 7.16 ఆంగ్‌స్ట్రామ్‌లు (సెంటీమీటరులో పది కోట్లో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్). ఈ పొరల కథని 1930లో లైనస్ పాలింగ్ బయటపెట్టాడు. ఎక్స్‌రే ఆ పొరల వరసని పట్టుకుంటేనే 12.3 దగ్గర శిఖరం వస్తుంది. నాలుగు గంటల పాటు పొడిగా బంతుల కింద పడి నలిగితే రేకులు చిరిగి, వరస చెడి, ఖనిజం కాస్తా రూపం లేని పొడి అయిపోతుంది. క్వార్ట్‌జ్ గట్టిది కాబట్టి తట్టుకుంది. మట్టిలో ఉన్నదాన్ని నేనే చంపి, లేదని రాయబోయాను.

తర్వాత అంతా అగేట్ కల్వంలోనే. రెండు చుక్కల అసిటోన్ వేసి, చేత్తో, పదీ పదిహేను నిమిషాలు. వేళ్ళ మధ్య గరుకు తగలకపోతే చాలు.

నీళ్ళలో తేలని మట్టి

ఇంకో పని, మట్టిలో ఉన్న ఇసుకనీ ఒండ్రునీ పక్కకి పెట్టి 2 మైక్రాన్లకన్నా చిన్న రేణువుల్ని మాత్రం వేరు చేసుకోవడం. బంకమట్టి ఖనిజాలన్నీ దాదాపు అందులోనే ఉంటాయి. పద్ధతి తేలికే. మట్టిని నీళ్ళలో కలిపి పొడవాటి జాడీలో పోసి వదిలేస్తే పెద్ద రేణువులు ముందు దిగుతాయి. కొంతసేపటికి పైనున్న 10 సెంటీమీటర్ల నీళ్ళలో చిన్నవే మిగులుతాయి, వాటిని పిప్పెట్‌తో లాగేసుకోవాలి. పుస్తకాల్లో 8 గంటలు అని ఉంటుంది. అది 20 డిగ్రీల లెక్క. మే నెలలో మా ల్యాబ్‌లో నీళ్ళు 30 డిగ్రీలు. వేడికి నీళ్ళు పలచబడి రేణువులు త్వరగా దిగుతాయి, ఆరు గంటలు దాటితే చాలు. ఈ లెక్క వేసుకోకుండా నేను రెండు వారాలు రాత్రి తొమ్మిదింటి దాకా జాడీల ముందు కూర్చున్నాను.

తూర్పు మట్టీ తెల్లమట్టీ చెప్పినట్టు విన్నాయి. వాగు మట్టి వినలేదు. కలిపి పక్కకి తిరిగేలోపే ముద్దలు ముద్దలుగా కూడి కిందికి దిగిపోయి, పైన నీళ్ళు తేటగా, తాగేలా ఉన్నాయి. సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ వేస్తే కాస్త విడింది, గంటకి మళ్ళీ ముద్ద. నీళ్ళలో కాల్షియం లాంటి లవణాలు ఉంటే బంకమట్టి రేణువులు ఒకదాన్నొకటి అంటుకుని ఇలా కూడిపోతాయి. ఆ కాల్షియం ఎక్కడిదో ఆ రోజే అడిగి ఉంటే నాకు రెండు నెలలు మిగిలేవి. నేను అడగలేదు. ప్రొటోకాల్‌లో ఉన్నట్టు అసిటిక్ యాసిడ్, సోడియం అసిటేట్ కలిపిన ద్రావణంతో కడిగేశాను. అలాంటి లవణాల్ని వదిలించడానికే ఆ కడుగుడు. నురగ వచ్చింది. కానీ అదే వారం ఆకులూ వేళ్ళూ కుళ్ళిన సేంద్రియ పదార్థం పోవడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా పోస్తున్నాను, దానికి ఎలాగూ నురగ పొంగుతుంది. ఇదీ అలాంటిదే అనుకున్నాను. కడిగాక మట్టి చక్కగా తేలింది. హమ్మయ్య అనుకుని ముందుకెళ్ళిపోయాను.

గాజు స్లైడు మీద

వేరు చేసిన బంకని గాజు స్లైడు మీద చుక్కలుగా పోసి ఆరబెడితే రేకులన్నీ చదునుగా పడుకుంటాయి. అలా పడుకుంటేనే పొరల దూరం బాగా కనిపిస్తుంది. తూర్పు స్లైడు అద్దంలా ఆరింది. వాగు స్లైడు మాత్రం మర్నాడు చూస్తే ఎండిన చెరువు అడుగులా బీటలు పెట్టి, అంచులు పైకి లేచి, అప్పడంలా చుట్టుకుపోయి ఉంది. మూడు సార్లు పోశాను, మూడు సార్లూ అంతే. చివరికి చాలా పలచగా పోసి, మూత కప్పి రెండు రోజులు ఆరబెడితే నిలిచింది.

ఆ స్లైడుని చూసి మామయ్య పచ్చి కుండలు గుర్తొచ్చాయి. అదే బీట, చిన్నగా.

గ్రాఫ్ వచ్చాక ఎందుకో తెలిసింది. తూర్పు మట్టిలో 7.16 దగ్గర కేయొలినైట్, 10 దగ్గర ఇల్లైట్ అనే ఇంకో బంకమట్టి ఖనిజం. వాగు మట్టిలో అన్నిటికన్నా పెద్ద శిఖరం 14.9 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర. ఇది స్మెక్టైట్ కావచ్చు, క్లోరైట్ కావచ్చు, ఇవీ పొరల ఖనిజాలే, చూపుకి రెండూ అక్కడే నిలబడతాయి. తేల్చుకోవడానికి పాత చిట్కా ఒకటుంది. స్లైడుని ఎథిలీన్ గ్లైకాల్ ఆవిరిలో 60 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి. స్మెక్టైట్ పొరల మధ్యకి గ్లైకాల్ దూరి పొరల్ని విడదీస్తుంది. క్లోరైట్ కదలదు.

పొద్దున్నే ఎక్స్‌ఆర్‌డీ గదికెళ్ళి స్లైడు పెట్టి స్క్రీన్ ముందు నిలబడ్డాను. మిషను 3 డిగ్రీల నుంచి మెల్లగా పైకి వెళ్తోంది. నాలుగు దాటింది, ఐదు దాటింది. 5.2 దగ్గర గీత లేచింది. 17 ఆంగ్‌స్ట్రామ్‌లు! నిన్న 14.9 దగ్గరున్నది రాత్రికి రాత్రి ఉబ్బింది. గదిలో నేనొక్కదాన్నే, అయినా చప్పట్లు కొట్టాను. తర్వాత అదే స్లైడుని 550 డిగ్రీల కొలిమిలో గంటసేపు పెడితే, గాజు కొంచెం వంగింది గానీ ఆ శిఖరం 10కి కూలిపోయింది. పక్కనే చిన్నగా ఉన్న కేయొలినైట్ శిఖరం పూర్తిగా మాయం. ఇక అనుమానం లేదు, స్మెక్టైటే.

అంటే నల్లరేగడిలో ఉండే ఖనిజం. ఎండాకాలం పొలాల్లో కాలు దిగేంత బీటలు తీసి, వాన పడగానే ఉబ్బి పూడుకుపోయే నేల ఉందే, ఆ ఆటంతా దీనిది. వాగు పైనున్న రేగడి చేలని కడుక్కుంటూ వచ్చి చెరువు మూల పడేస్తోంది. మామయ్య కుండలు ఆరేటప్పుడు ఎందుకు చీలుతున్నాయో దొరికింది. తడిలో అంత నీళ్ళు తాగిన మట్టి ఆరేటప్పుడు అంతగా ముడుచుకుపోతుంది మరి.

ఫోన్ చేసి చెప్పాను. "రేగడి కలిసిందా? నాకెందుకో చేతికి జిగురు ఎక్కువ తగులుతోందనే అనుకున్నా" అన్నాడు. ఇసుక ఎక్కువ కలపమన్నాను. "కలిపితే ఆగుతాయి. మరి పెచ్చుల సంగతో?" అన్నాడు. ఆ పెచ్చుల సంగతి నేను మర్చేపోయాను.

వేడి చెప్పే కథ

తర్వాత టీజీఏ, డీఎస్‌సీ. ఒకదాంట్లో వేడి చేస్తూ బరువు ఎంత తగ్గుతోందో చూస్తారు. రెండోదాంట్లో వేడిని లాక్కుంటోందా వదులుతోందా చూస్తారు. మాకు రెండూ ఒకే మిషన్లో వస్తాయి. శనగగింజ పట్టేంత అల్యూమినా గిన్నె, అందులో పది మిల్లీగ్రాముల మట్టి. నిమిషానికి 10 డిగ్రీల చొప్పున గది వేడి నుంచి 1000 దాకా వెళ్ళాలంటే గంటన్నర దాటుతుంది, చల్లారడానికి ఇంకా ఎక్కువ. రోజుకి రెండు శాంపిల్స్. అందులో ఒకటి ఖాళీ గిన్నెతో నడపాలి, లేకపోతే మిషను సొంత వంకర మట్టి ఖాతాలో పడుతుంది. బుకింగ్ దొరకడమే గగనం. నాకు శ్రావణంలో వచ్చింది, బయట ముసురు.

ముసురు ఎందుకు చెప్తున్నానంటే, స్మెక్టైట్ గాలిలోంచి కూడా నీళ్ళు తాగుతుంది. ఉదయం మూత తీసి పెట్టిన వాగు మట్టి మధ్యాహ్నానికి బరువెక్కింది. ఒకే శాంపిల్‌కి రెండు రోజుల్లో రెండు అంకెలు వచ్చి చాలా టెన్షన్ పడ్డాను. తర్వాత అన్నిటినీ ఒకే తేమ ఉన్న డెసికేటర్లో (మూత బిగించిన గాజు పాత్ర) నాలుగు రోజులుంచి, తీసీ తియ్యగానే మిషన్లో పెట్టడం అలవాటు చేసుకున్నాను.

మట్టిలో నీళ్ళు మూడు చోట్ల ఉంటాయని ఆ గ్రాఫ్‌లు చూశాకే నాకు నిజంగా అర్థమైంది. రేణువుల మధ్య తడి, ఎండలో పెట్టినా పోతుంది. స్మెక్టైట్ పొరల మధ్య ఇరుక్కున్న నీళ్ళు, అవి పోవడానికి 100 నుంచి 200 డిగ్రీలు కావాలి. ఇక మూడోది నీళ్ళలా ఉండదు, ఖనిజం ఒంట్లోనే హైడ్రాక్సిల్‌గా, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ జంటగా ఉంటుంది. కేయొలినైట్‌లో అది 450 నుంచి 600 మధ్య నీటి ఆవిరిగా బయటికి పోతుంది. స్వచ్ఛమైన కేయొలినైట్ అయితే సరిగ్గా 13.96 శాతం బరువు తగ్గాలి. నా తెల్లమట్టి అక్కడ 10.9 తగ్గింది, అంటే ముప్పాతికకి పైగా కేయొలినైటే. డీఎస్‌సీలో 980 దగ్గర దానికి ఒక పదునైన శిఖరం కూడా వచ్చింది. రూపం కోల్పోయిన మట్టి ఒక్కసారిగా కొత్త స్ఫటికంగా కూడుకునేటప్పుడు వదిలే వేడి అది. తూర్పు మట్టిలో అదే శిఖరం మొద్దుగా ఉంది, వాగు మట్టిలో వెతుక్కోవాలి.

320 దగ్గర వాగు మట్టి పెద్ద వేడి వదిలింది. ఇదేదో కొత్త ఖనిజం అనుకుని ఒక సాయంత్రమంతా పాత పేపర్లు తిరగేశాను. సీనియర్ అక్క "గాలిలో నడిపావా, నైట్రోజన్‌లోనా?" అని అడిగింది. గాలిలో. నైట్రోజన్‌లో నడిపితే ఆ శిఖరం లేదు. కుళ్ళిన ఆకులు కాలిన వేడి అది. టీజీఏకి నేను కడగని మట్టి పెట్టాను, అందుకే ఆకులు మిగిలే ఉన్నాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కడగని మట్టి.

అన్నిటికన్నా నాకు నచ్చింది 573. ఆ డిగ్రీ దగ్గర క్వార్ట్‌జ్ స్ఫటికం చిన్నగా ఒళ్ళు విరుచుకుని ఇంకో రూపంలోకి మారుతుంది. గ్రాఫ్‌లో గోరు గీసినంత గుంట, అంతే. తూర్పు మట్టిలో కేయొలినైట్ పెద్ద గుంట ఒడ్డునే ఇది కనిపిస్తుంది, నాకు 575 దగ్గర వచ్చింది. మిషను రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని అలా తెలిసిపోయింది. చల్లారేటప్పుడు కూడా గ్రాఫ్ తీశాను. కేయొలినైట్ గుంట తిరిగి రాలేదు, నీళ్ళు పోయాక అది పోయినట్టే. క్వార్ట్‌జ్ గుర్తు మాత్రం వచ్చింది, ఈసారి గుంటకి బదులు చిన్న గుట్టగా. వేడెక్కినా చల్లారినా అక్కడ మారాల్సిందే. ఆవం ఆర్పిన మర్నాటి దాకా మామయ్య ఎవర్నీ దగ్గరికి రానివ్వడు. చిన్నప్పుడు తొందరపడి ఊక తవ్వబోతే వీపు మీద ఒకటి వేశాడు. త్వరగా తెరిస్తే కుండలో ఉన్న ఇసుకంతా 573 దాటేటప్పుడు ఒక్కసారిగా ముడుచుకుని చీల్చేస్తుందని అప్పుడు ఆయనా చెప్పలేదు, నాకూ తెలీదు.

మట్టి మీద వేడి ప్రభావాన్ని లెక్కగట్టడం కొత్తదేం కాదు. 1782లోనే జోసయా వెడ్జ్‌వుడ్ అనే ఇంగ్లండ్ పింగాణీ వ్యాపారి చిన్న మట్టి బిళ్ళలు కొలిమిలో పెట్టి, అవి ఎంత ముడుచుకున్నాయో చూసి వేడి కొలిచేవాడు. 1887లో ఫ్రాన్సులో లె షాటెలియే బంకమట్టుల్ని వేడిచేస్తూ వేడి ఎక్కడ ఎలా మారుతోందో రాసి పెట్టాడు. మా డీఎస్‌సీకి ముత్తాత అదే.

కుదరని లెక్క

వాగు మట్టి టీజీఏలో 650కీ 760కీ మధ్య ఒక మెట్టు వచ్చింది, 3.3 శాతం. స్మెక్టైట్ హైడ్రాక్సిల్ 600 నుంచి 700 దాకా పోతుందని పుస్తకంలో ఉంది. ఇంకేం, స్మెక్టైటే అని రాసేశాను. ఎక్స్‌ఆర్‌డీ కూడా స్మెక్టైట్ అనే కదా చెప్పింది.

గ్రూప్ మీటింగ్‌లో మేడమ్ ఆ గ్రాఫ్ చూసి ఒకే ప్రశ్న వేశారు. "ఎక్స్‌ఆర్‌డీకి పెట్టిన పొట్లమూ దీనికి పెట్టిన పొట్లమూ ఒకటేనా?"

కాదు. ఎక్స్‌ఆర్‌డీకి పెట్టింది కడిగి, వడగట్టి, 2 మైక్రాన్లకి తెచ్చినది. టీజీఏకి పెట్టింది చెరువులోంచి తెచ్చినట్టే ఉన్నది.

"అయితే కడిగినదాన్ని టీజీఏలో పెట్టు, కడగనిదాన్ని ఎక్స్‌ఆర్‌డీలో పెట్టు" అన్నారు. అంతే, ఇంకేం చెప్పలేదు. ఆవిడ పద్ధతి అది.

కడిగిన మట్టిలో స్మెక్టైట్ ఇంకా ఎక్కువ ఉంది కాబట్టి ఆ మెట్టు పెరగాలి. పెరగకపోగా అసలు లేదు! ఇనుము ఎక్కువున్న స్మెక్టైట్ హైడ్రాక్సిల్ 500 దగ్గరే వదిలేస్తుందని తర్వాత చదివాను, మాదీ అలాంటిదే. కడగని పొడి ఎక్స్‌ఆర్‌డీలో 29.4 డిగ్రీల దగ్గర చక్కటి శిఖరం. కాల్సైట్, అంటే సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేట్. ఎఫ్‌టీఐఆర్‌లో కూడా 1430, 875 దగ్గర కార్బొనేట్ గీతలు. (ఎఫ్‌టీఐఆర్ అంటే మట్టి పరారుణ కాంతిని ఎక్కడెక్కడ పీల్చుకుంటుందో చూసే పరీక్ష, దాని గురించి పెద్దగా చెప్పను. ముసుర్లో పొటాషియం బ్రోమైడ్ బిళ్ళలు తేమ పీల్చి పాలరంగులోకి మారి నన్ను ఏడిపించాయి. ఆ బిళ్ళ తాగిన నీళ్ళే 3430 దగ్గర కనపడితే తెల్లమట్టి నీళ్ళు అనుకున్నాను. బిళ్ళని దీపం కింద ఆరబెట్టాక కేయొలినైట్‌కి ఉండాల్సిన నాలుగు గీతలూ 3695 నుంచి 3620 దాకా వేరువేరుగా కనిపించాయి.)

సున్నం! మట్టిలో సున్నపు గులకలు ఉన్నాయి. నీళ్ళలో మట్టిని తేలనివ్వని కాల్షియం అదే. అసిటిక్ యాసిడ్ పోస్తే వచ్చిన నురగ అదే. నేను దాన్ని నా చేతులతోనే కడిగేసి, కడిగిన మట్టిలో వెతికి, లేదు అనుకున్నాను. 3.3 శాతం కార్బన్ డయాక్సైడ్ అయితే లెక్కన ఏడున్నర శాతం కాల్సైట్.

అప్పుడు గుర్తొచ్చింది పెచ్చు లేచిన గుంట అడుగున తెల్లచుక్క. హాస్టల్లో అన్నం ముందు కూర్చుని ఉన్నాను, చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఆవంలో గులక కాలి సున్నం అవుతుంది. కాలిన సున్నం గాలిలో తేమ పీలుస్తూ ఉబ్బుతుంది. చుట్టూ గట్టిపడిన కుండ గోడ, లోపల ఉబ్బుతున్న గింజ. ఏదో ఒక రాత్రి టప్పుమని పెచ్చు ఎగిరిపోతుంది. వాన ముసుర్లో ఇంకా ఎక్కువ. మూడు నెలలు మూడు మిషన్ల చుట్టూ తిరిగిన నేను అత్త చూపించిన చుక్క మీద గోటితో గీరి, ఒక్క చుక్క యాసిడ్ వేసి ఉంటే సరిపోయేది.

పగిలిన పెంకు ఒకటి కూడా ఎక్స్‌ఆర్‌డీలో పెట్టాను. కేయొలినైట్ లేదు, ఇల్లైట్ గీత సన్నగా మిగిలి ఉంది. అంటే మామయ్య ఆవం 550 దాటింది, 900 దాటలేదు. పెంకు మధ్యలో నల్లటి చార, లోపలి ఆకులు పూర్తిగా కాలలేదు. పెంకులో కాల్సైట్ కూడా కనిపించింది. దాన్ని చూసి ఆవం వేడి సున్నం కాలేంత లేదనుకుంటే తప్పు. కాలిన సున్నం గాలి పీల్చి మళ్ళీ కాల్సైట్ అయిపోగలదు.

అరుగు మీద

దసరాకి ఊరెళ్ళాను, బ్యాగులో చిన్న డ్రాపర్ సీసాలో పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్. రెండు మట్టిముద్దలు పక్కపక్కన పెట్టి చుక్కలు వేశాను. తూర్పు మట్టి ఊరికే తడిసింది. వాగు మట్టి బుసబుసమని పొంగింది. మామయ్య వంగి చెవి పెట్టి విన్నాడు.

"నిమ్మకాయ పిండినా ఇలాగే పొంగుతుందా?"

"మెల్లగా పొంగుతుంది మామయ్యా."

"మరి ఇన్నాళ్ళూ ఆ మిషన్లెందుకే?"

నా దగ్గర మంచి సమాధానమే ఉంది. సున్నం ఉందని నిమ్మకాయ చెబుతుంది, ఎంత ఉందో చెప్పదు, రేగడి సంగతి అసలే చెప్పదు. చెప్పాను కూడా. కానీ అత్త నవ్వుతున్న నవ్వులో ఎవరికీ వినపడలేదు.

ఏం చెయ్యాలన్న దగ్గర మాట కుదరలేదు. గులక ఎంత చిన్నదైతే పెచ్చు అంత తక్కువ, కాబట్టి మట్టిని పలచగా నానబెట్టి దోమతెర రెండు మడతలేసి వడగట్టమన్నాను. మామయ్య జల్లెడలో బియ్యపుగింజకన్నా చిన్న రాళ్ళన్నీ దిగిపోతున్నాయి. కాల్చిన కుండల్ని బయటికి తీసీ తియ్యగానే నీళ్ళలో ముంచి నానబెడితే సున్నం అప్పుడే మెత్తబడిపోతుందని కూడా చెప్పాను. "అమ్మబోయే కుండని ముందే నీళ్ళలో ముంచుతారా ఎవరైనా" అని కొట్టిపారేశాడు. ఇటుకల వాళ్ళు మట్టిలో కాస్త ఉప్పు కలుపుతారని, అది కూడా పెచ్చుల్ని తగ్గిస్తుందని నేను నోరు జారాను. అది మాత్రం బాగా పట్టుకున్నాడు. నూరు కిలోలకి అర కిలో లెక్కన కళ్ళుప్పు కలిపాడు.

కార్తీకమాసం ప్రమిదలకి తూర్పు మట్టి రెండు పాళ్ళు, వాగు మట్టి ఒక పాలు, ఇసుక ఎప్పటికన్నా దోసెడు ఎక్కువ. అత్త దోమతెరతో వడగట్టింది, మామయ్య ఉప్పు కలిపాడు. ఆరేటప్పుడు బీటలు దాదాపు లేవు. నెల తర్వాత అటక మీద మిగిలిన ప్రమిదల్ని లెక్కపెడితే నూటికి రెండో మూడో పెచ్చులూడాయి.

ఉప్పు వల్లే అంటాడు మామయ్య. దోమతెర వల్లే అంటుంది అత్త. తూర్పు మట్టి ఎక్కువ కలిపారు కదా అంటాను నేను. సంక్రాంతికి వెళ్ళినప్పుడు మూడు పొట్లాలు కట్టి ఇచ్చారు, ఉప్పు కలిపింది, కలపనిది, వడగట్టనిది. డెసికేటర్లో ఉన్నాయి. టీజీఏ బుకింగ్ వచ్చే నెల పదకొండున.